రోడ్డవతల సిగ్నల్

డైరీలో నేను రోజును మూడు భాగాలు చేసి రాస్తాను. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం. సాగునీటి శాఖలో గుమాస్తాగా చేరిన కొత్తలో మొదలైన అలవాటు, రిటైరయ్యాక కూడా పోలేదు. ఉదయం కింద వాతావరణం, నడకలో కలిసినవాళ్ళు. మధ్యాహ్నం కింద ఏం వండుకున్నాను, ఏ పని మీద బయటికి వెళ్ళాను. సాయంత్రం కింద మాత్రం కొన్నేళ్ళుగా ఒకటే సంగతి ఉంటుంది. ఆళ్లగడ్డలో ఉన్న సార్‌కు ఫోన్‌లో పేపర్ చదివి వినిపించడం, దాని మీద ఆయన అన్న మాటలు. అయితే పోయినేటి డైరీ తిరగేస్తే వానాకాలంలో చాలా పేజీల్లో సాయంత్రం అన్న మాట కింద ఏమీ లేదు. తెల్లగా వదిలేశాను. ఆ ఖాళీ ఎందుకు వచ్చిందో ఇప్పుడు రాస్తున్నాను.

సార్ అంటే నాకు పాఠాలు చెప్పిన అయ్యవారు కాదు. సున్నిపెంటలో ప్రాజెక్టు క్వార్టర్సులో మా పక్కింటి మనిషి, అక్కడి ప్రాజెక్టు బడిలో సోషల్ చెప్పేవాడు. కాలనీ అంతా సార్ అనేది, నేనూ అలాగే పిలిచాను. ఆ రోజుల్లో పేపర్ మధ్యాహ్నం బస్సుకు వచ్చేది. మా వరుస ఇళ్ళన్నిటికీ కలిపి ఒకటే కాపీ. సాయంత్రం ఆయన వరండాలో కుర్చీ వేసుకుని గట్టిగా చదివేవాడు, మేమంతా మెట్ల మీద కూర్చుని వినేవాళ్ళం. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఏదీ వదిలేవాడు కాదు. టెండరు నోటీసులు, సబ్బుల ప్రకటనలు కూడా చదివేవాడు. ఎవరైనా విసుక్కుంటే, "అచ్చేసినోడు ఊరికే వేసినాడా? విను," అనేవాడు. అన్నిటికంటే చివర శ్రీశైలం డ్యాములో నీటిమట్టం. ఆ డ్యాము మా కళ్ళ ఎదుటే ఉండేది. ముందురోజు పొద్దున డ్యూటీలో ఆ అంకెను కాగితం మీద ఎక్కించినవాణ్ణి కొన్నిసార్లు నేనే. అయినా ఆయన నోట వింటే కొత్తగా ఉండేది.

రిటైరయ్యాక నేను నంద్యాలలో నూనెపల్లెలో ఒక మేడమీది పోర్షన్‌లో స్థిరపడ్డాను. ఆయన సొంతూరు ఆళ్లగడ్డకు వెళ్ళిపోయాడు. భర్తను పోగొట్టుకున్న తన చెల్లెలితో కలిసి ఉంటున్నాడు. కళ్ళలో నీటికాసులు, అదే గ్లకోమా, వచ్చి ఆయన చూపు మెల్లగా పోయింది. పోయిందని ఆయన ఎప్పుడూ నాతో చెప్పలేదు. ఒకరోజు ఫోన్ చేసి, "నీ దగ్గర పేపరుందా? ఆ డ్యాము సంగతి ఒక్కటి చదువు," అన్నాడు. మరుసటి రోజు ఇంకొంచెం చదవమన్నాడు. ఆ తర్వాత మొత్తం. అలా చదివే పని నాకు వచ్చింది. నా భార్య పోయినప్పటి నుంచి నా ఇంట్లో నేను గొంతెత్తి మాట్లాడేది ఆ కాసేపే. మిగతా రోజంతా పాలవాడితో రెండు మాటలు, షాపులో రెండు మాటలు.

పోయినేడు ఎండాకాలం చివర్లో పేపర్లో ఒక బిల్లు గురించి వరుసగా వార్తలు వచ్చాయి. ఇంటర్నెట్ అందించే కంపెనీలు తమకు డబ్బు కట్టిన వెబ్‌సైట్లను వేగంగా, కట్టనివాటిని నెమ్మదిగా ఇవ్వడానికి వీలు కల్పించే బిల్లు అది. చదువుకునే పిల్లలు, చిన్న చిన్న వ్యాపారాలు చేసుకునేవాళ్ళు వద్దని గొడవ చేస్తున్నారు. ఒక పెద్ద ఫోన్ కంపెనీ మాత్రం బిల్లు మంచిదేనని బాహాటంగా ప్రకటించింది. ఆ కంపెనీ సిమ్‌లు వదిలేయండి, వేరే కంపెనీకి మారండి అని పిలుపులు మొదలయ్యాయి. ఈ వార్తలన్నీ సార్‌కు చదివాను.

"మనోళ్ళు ఏమంటాండారు?" అని అడిగాడు ఆయన.

మనోళ్ళు అంటే ప్రాజెక్టులో పనిచేసి రిటైరైనవాళ్ళ సంఘం. నంద్యాలలో నెలకొకసారి కూడుతుంది, కార్యదర్శిని నేనే. సంఘంలో ఏ నిర్ణయమైనా చేతులెత్తి చేయాలి, ఎత్తినవాళ్ళ పేర్లు మినిట్సులో రాయాలి. మోకాళ్ళ నొప్పులతో రాలేనివాళ్ళు ఎక్కువయ్యాక, ఫోన్‌లో లౌడ్‌స్పీకర్ పెట్టి వాళ్ళ చెయ్యి కూడా లెక్కలోకి తీసుకునే పద్ధతి పెట్టుకున్నాం. సార్ ఎప్పుడూ అలాగే సభలో ఉండేవాడు.

ఆ నెల సమావేశంలో బిల్లు విషయం నేను ఎత్తాను. మా అధ్యక్షుడు ఒకప్పుడు కాలువల మీద సూపర్‌వైజరు. నవ్వేశాడు.

"ఏందప్పా ఇది? పొద్దున్నే గుడ్ మార్నింగులు పంపడానికి తప్ప నేను ఫోను ముట్టను. మనకేం సంబంధం?"

"మన డిపార్టుమెంటు మాటల్లోనే చెప్తా," అన్నాను. "కాలువ మొదట్లో ఉన్నోడు దుడ్లిచ్చి తన తూము పెద్దది చేయించుకున్నాడనుకోండి. చివరి మడికి ఏమైతుంది?"

"ఏమైతుంది, ఎండిపోతుంది," అన్నాడు వెనక నుంచి ఒక పాత లస్కరు. జీవితమంతా కాలువ గట్ల మీద తిరిగి తూములు ఎత్తి దించిన మనిషి.

"ఆ పెద్ద తూము మంచిదే అంటాండాడు ఈ కంపెనీవాడు."

గది ఒక్కసారి వేడెక్కింది. చివరి మడి రైతులతో తిట్లు తినని మనిషి అక్కడ ఒక్కడూ లేడు. "అన్యాయమేబ్బా!" అన్నారు. "మనమంతా ఒక్కసారి మారితే ఆ కంపెనీవాడు నంద్యాలకు పరిగెత్తుకుంటా రావాల," అన్నాడు ఒకాయన. "వస్తే నీ ఇంట్లో దింపుకో, ఏసీ ఉండాది," అన్నాడు ఇంకొకాయన. నేను తీర్మానం చదివాను. సభ్యులందరూ ఆ కంపెనీ సిమ్ వదిలి వేరే కంపెనీకి మారవలెనని. చేతులన్నీ లేచాయి. అప్పుడే ఉగ్గాని, బజ్జీలు వచ్చాయి.

"చేతులు దించండప్పా, ఉగ్గాని చల్లారతాంది," అన్నాడు అధ్యక్షుడు.

"ఉండండి," అని సార్ గొంతు ఫోన్‌లోంచి వచ్చింది. "నేనూ ఎత్తినా. మీకు కనపడదు, నాకూ కనపడదు. అయినా ఎత్తినా. రాసుకో."

అందరూ నవ్వారు. నేను రాసుకున్నాను.

మరుసటి రోజే నేను వేరే కంపెనీకి మారాను. నెంబరు అదే ఉంటుంది, కంపెనీ ఒక్కటే మారుతుంది. సార్ కూడా చెల్లెల్ని వెంటబెట్టుకుని బజారుకు పోయి నేను మారిన కంపెనీకే మారాడు. అయిపోయిందని ఫోన్‌లో చెప్పినప్పుడు ఆయన గొంతులో బడి పిల్లవాడి ఉత్సాహం ఉంది.

ఆ తర్వాత ఒక తేడా వచ్చింది. అంతకుముందు నేనే ఫోన్ చేసేవాణ్ణి. ఇప్పుడు చేస్తే అందుబాటులో లేరు అని వినిపించేది. కాసేపటికి ఆయనే చేసేవాడు. ఆయన మాటల వెనక ఉలి దెబ్బలు, మధ్యలో రాయి కోసే మిషన్ చప్పుడు.

"ఏంది సార్ ఆ శబ్దం?"

"పక్కన ఎవరో పని చేస్తాండారు. బయట గాలికి కూర్చున్నా. నువ్వు చదువు."

ఆళ్లగడ్డ విగ్రహాలు చెక్కే ఊరు, రాయి చప్పుడు అక్కడ వింత కాదు కాబట్టి నేను మళ్ళీ అడగలేదు.

మినిట్సులో చేతులెత్తినవాళ్ళందరి సంతకాలు ఉండాలి. రాలేనివాళ్ళ దగ్గరికి నేనే పుస్తకం పట్టుకుని పోతాను. అలా ఒకరోజు మధ్యాహ్నం ఆళ్లగడ్డ బస్సు ఎక్కాను. శిరివెళ్ళ దగ్గర బస్సు చెడిపోయి, ఇంకో బస్సు పట్టుకుని ఆ ఇల్లు చేరేసరికి సాయంత్రమైంది. సార్ చెల్లెలు వాకిట్లో బియ్యం ఏరుతూ ఉంది.

"సార్ యాడమ్మా?"

"యాడుంటాడన్నా? నీకు ఫోను చేయడానికి రోడ్డవతలికి పోయినాడు." చేట పక్కన పెట్టింది. "మీరు చేతులెత్తి తీర్మానాలు చేసుకుంటారు, నేను ఈడ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంటాండా."

ఆ ఇల్లు ఊరి చివర, కడప పోయే పెద్ద రోడ్డు పక్కనే ఉంటుంది. ఆ ఇంటికంతా ఫోన్ ఆయనదొక్కటే. అక్కడ సిగ్నల్ అందేది మేము వదిలేసిన కంపెనీదే. కొత్త కంపెనీ సిగ్నల్ రోడ్డు దాటితేనే వస్తుంది. అవతల విగ్రహాలు చెక్కే షెడ్లు ఉన్నాయి. వాటిలో ఒకదాని ముందు, సగం చెక్కిన బండ మీద, కర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని ఆయన కూర్చుని ఉన్నాడు. మధ్యలో లారీలు ఆగకుండా పోతున్నాయి.

నేను సగం రోడ్డు దాటి మధ్యలో గట్టు మీద నిలబడ్డాను. జేబులో ఫోన్ మోగింది. తీశాను.

"ఏమప్పా, పేపరు తీసినావా? యాడుండావ్, నీ పక్కన కూడా లారీలు పోతాండాయే?"

"మీ ఎదురుగానే ఉండా సార్. అట్లనే కూర్చోండి, లేయొద్దండి."

ఆయన తల ఎత్తి, ఫోన్ చెవికి పెట్టుకునే రోడ్డు వైపు తిరిగాడు. నేను లేని దిక్కుకు చూస్తూ నవ్వాడు.

దగ్గరికి పోయి, "ఎట్ల దాటుతాండారు సార్?" అన్నాను.

"చెవులుండాయి గదా. శబ్దం లేనప్పుడు దాటుతా."

షెడ్డులో రాయి చెక్కుతున్న మనిషి పని ఆపాడు. "మేం అరుస్తాంటాంలేన్నా, ఆగు సార్, లారీ అని. మిషన్ వేస్తే మాత్రం మాది మాకే వినపడదు. ఎన్నిసార్లు చెప్పినా ఇనడు."

ఆయన చెయ్యి పట్టుకుని ఇవతలికి తెచ్చాను. ఆ చెయ్యి చల్లగా, తేలికగా ఉంది. ఇంట్లో చెల్లెలు టీ ఇస్తూ, "పాత కంపెనీది ఇంకో సిమ్ వేసుకోవచ్చు గదన్నా, ఈ ఫోన్లో రెండు పడతాయంట. నువ్వన్నా చెప్పు," అంది.

"నువ్వే పేపర్ చదివితే నేను యాడికీ పోను గదా," అన్నాడాయన.

"నేను చదవను. పేపరంతా హత్యలే. బైబిలు చదువుతా, వింటావా?"

"అందులో మాత్రం హత్యలు లేవా?"

ఆమె నవ్వాపుకుని లోపలికి పోయింది. సిమ్ సంగతి నేనూ అడిగాను. ఆయన మాట మారలేదు.

"చెయ్యెత్తినా. నువ్వే రాసుకున్యావు. ఇప్పుడు సంతకం పెట్టించుకోను గూడా వచ్చినావు. మళ్ళీ దొంగతనంగా ఇంకో సిమ్ పెట్టుకోమంటావా? మిగతావాళ్ళంతా మారినారు గదా?"

"మారినారు సార్," అన్నాను. అలాగే అనుకున్నాను నేను. ఆయన వేలు సంతకం చేయాల్సిన చోట పెట్టాను. ఆయన కొంచెం వంకరగా, పెద్ద అక్షరాలతో సంతకం పెట్టాడు.

బయలుదేరే ముందు చెప్పాను. "రేపటి నుంచి రోడ్డు దాటొద్దండి. నేనే వారానికొకసారి పేపర్లు తీసుకుని వస్తా."

"వారం నాటి నీళ్ళ లెక్క ఎవరికి కావాలప్పా? ఆ నీళ్ళు ఎప్పుడో పోయింటాయి."

మరుసటి సాయంత్రం నా ఫోన్ మోగింది. ఎత్తితే ఆయన రోజూ రోడ్డు దాటుతాడు. ఎత్తకపోతే మానేస్తాడు. ఫోన్ బల్ల మీద పెట్టి, మోగినంతసేపూ చూస్తూ కూర్చున్నాను. ఆగింది. మళ్ళీ మోగింది. పక్కనే పేపర్ మడత విప్పకుండా ఉంది. ఆ తర్వాతి రోజు ఒక్కసారే మోగింది. ఇంకో రెండు మూడు రోజులకు మోగడం మానేసింది. నేను కోరుకున్నది అదే. ఆ రోజు నుంచే డైరీలో సాయంత్రం కింద ఖాళీ.

ఆ రోజుల్లోనే ఒక ఉదయం నడకలో అధ్యక్షుడు తన మనవరాలి డ్యాన్సు ఫొటో చూపించడానికి ఫోన్ నా చేతికిచ్చాడు. తెర పైన పాత కంపెనీ పేరు ఉంది.

"మారలేదా మీరు?"

"మారాలప్పా. బ్యాంకు మెసేజీలన్నీ ఆ నెంబరుకే వస్తాండాయి గదా, నెంబరు పోతే ఎట్లా?"

"నెంబరు మారదని ఆ రోజే చెప్పినా గదా."

"చెప్పినావా? ఉగ్గాని గలాటాలో వినపడలే."

ఇంకొకాయన ఏడాదికంతా రీఛార్జి చేసి ఉన్నాడట, అయిపోగానే మారతాడట. ఇంకొకాయనది ఇంట్లో అందరికీ కలిపి ఒకటే ప్యాకు, కోడలు ఒప్పుకోదు. పాత లస్కరు మాత్రం దాచుకోలేదు. "మారే పని నాకు రాదన్నా. ఎవరూ వెంట రాలే," అన్నాడు. ఒక్కొక్కరినీ అడుగుతూ పోయాను. చివరికి తేలిందేమిటంటే, నంద్యాలలో నేను, ఆళ్లగడ్డలో ఆయన. అంతే. ఎవరి మీదా నాకు కోపం రాలేదు. వాళ్ళకు అది ఒక మధ్యాహ్నం ముచ్చట, వాళ్ళ సాయంత్రాలకు దానితో పని లేదు. బిల్లును ఏదో కమిటీకి పంపారని పేపర్లో లోపలి పేజీలో చిన్న వార్త వచ్చింది. గట్టిగా చదవడానికి ఎవరూ లేక మనసులో చదువుకున్నాను.

వారానికొకసారి వెళ్తూనే ఉన్నాను. కట్ట విప్పి పాత పేపర్లు చదివితే ఆయన మర్యాదగా వినేవాడు. మునుపటిలా అడ్డం వచ్చేవాడు కాదు, తగువు పెట్టుకునేవాడు కాదు. నేను బస్సుకు లేస్తే ఇంకాసేపు ఉండమని కూడా అనేవాడు కాదు.

శ్రావణంలో డ్యాము నిండింది. గేట్లు ఎత్తారు. సున్నిపెంటలో ఉన్న రోజుల్లో అది మాకు పండగ. పిల్లల్ని ఎత్తుకుని అందరం చూడ్డానికి పోయేవాళ్ళం. నీళ్ళ తుంపర మొహాన పడుతుంటే సార్ గొంతు చించుకుని ఏదో చెప్పేవాడు, ఎవరికీ వినపడేది కాదు. ఆ వార్త పేపర్లో చూడగానే వారం తిరిగే దాకా ఆగలేక బస్సు ఎక్కాను. వాన పడుతోంది. ఆయన లోపల మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"సార్, గేట్లు ఎత్తినారు."

"తెలుసు. పక్కింట్లో టీవీ చెప్పింది." నా గొంతు వచ్చిన వైపు తల తిప్పాడు. "టీవీనే చెప్పింది. నువ్వు చెప్పలే."

తెచ్చిన పేపర్ సంచిలోనే ఉండిపోయింది. ఇక దాచి లాభం లేదనిపించింది.

"సార్, మన సంఘంలో ఎవరూ మారలే. మీరూ నేనూ, ఇద్దరమే. ఇంక చాలు, మీరు పాత కంపెనీకి పోండి."

ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. "వాళ్ళు మారలేదని తీర్మానం పోయిందా? పుస్తకంలో ఉండాదా లేదా?"

"ఉండాది."

"అయితే ఉండాది. చెయ్యెత్తి పెట్టినాం, చెయ్యెత్తే తీయాల. తీసేయమను, అప్పుడు పోతా."

అందరినీ మారమని చెప్పిన మనిషిని నేను. ఇప్పుడు అది వద్దని చెప్పడానికి అదే గదిలో నిలబడాలి. నిలబడ్డాను. తర్వాతి నెల వానలకు కోరం లేక సమావేశం జరగలేదు. ఆ పై నెలలో, ఎజెండాలో చివరి అంశంగా రద్దు తీర్మానం పెట్టాను.

"ఏ తీర్మానం?" అన్నాడు ఒకాయన.

"అదేబ్బా, తూముల తీర్మానం," అన్నాడు లస్కరు.

"ఓ అదా! అది ఇంకా ఉండాదా?"

సార్ గురించి, రోడ్డు గురించి చెప్పాను. అధ్యక్షుడు నేల చూస్తూ, "తీసేద్దాంలేప్పా, బేగా తీసేద్దాం," అన్నాడు. చేతులు లేచాయి. మొదటిసారి కంటే తొందరగా, ఎత్తుగా లేచాయి. నా చెయ్యి కూడా ఎత్తాను. తర్వాత సార్‌కు ఫోన్ కలిపి లౌడ్‌స్పీకర్ పెట్టాను. ముందే చెప్పి ఉంచాను కాబట్టి చెల్లెలు ఆయన చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి ఉంది. గదినిండా ఉలి దెబ్బలు వినిపించాయి. తీర్మానం చదివాను.

"నాది వ్యతిరేకం," అన్నాడు సార్. "రాసుకో."

అధ్యక్షుడు ఫోన్ దగ్గరికి వంగి, "సార్, మీ కోసమే గదా ఇది..." అన్నాడు.

"నాకోసమని రాయొద్దండి. అడిగినారు, చెప్పినా. మీరంతా ఒక పక్క, నేనొక్కణ్ణి ఒక పక్క. ఓడిపోయినా. ఓడిపోయినా గాబట్టి రేపు పోయి మారతా. అంతే గదా పద్ధతి?"

"అంతే సార్," అన్నాను.

అనుకూలం అన్నచోట అందరి పేర్లూ రాశాను, వాటిలో నాదీ ఉంది. వ్యతిరేకం అన్నచోట ఆయన పేరు ఒక్కటే రాశాను. సున్నిపెంట నుంచి ఇప్పటి దాకా ఏ తీర్మానంలోనూ మేమిద్దరం చెరో పక్క లేము. ఆ రోజు కూడా ఉగ్గాని వచ్చింది. నేను తినకుండానే మెట్లు దిగి వచ్చేశాను.

కంపెనీ మారిన మనిషి మూడు నెలలు దాటితేనే మళ్ళీ మారనిస్తారు. ఆ గడువు అప్పటికి దాటింది. నాలుగు రోజుల తర్వాత సాయంత్రం నేనే ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు. ఉలి చప్పుడు లేదు. వెనక చెల్లెలు గిన్నెలు కడుగుతున్న శబ్దం.

"ఇంట్లోనే ఉండారా సార్?"

"మంచం మీదుండా. నువ్వు గూడా మారినావా పాతదానికి?"

"లేదు సార్. నాకు ఈడ సిగ్నల్ బాగానే ఉండాది."

"ఊఁ," అన్నాడు. అది మెచ్చుకోలో దెప్పిపొడుపో నాకు తెలియలేదు. "సరే, చదువు. మొదటి పేజీలో ఏముండాది?"

పేపర్ మడత విప్పాను. పైనుంచి కిందిదాకా ఒకటే బొమ్మ, నవ్వుతున్న కుటుంబం, చేతుల్లో ఫోన్లు.

"ప్రకటన సార్. పేజీ అంతా ప్రకటనే."

"ఎవరిది?"

పాత కంపెనీ పేరే చెప్పాను. చెప్పి, బొమ్మ కింద అక్షరాల మీద వేలు పెట్టుకుని ఎదురుచూశాను. మెట్ల మీద కూర్చుని వినే రోజుల నుంచి ఆయన దగ్గర ఏ ప్రకటననూ వదిలింది లేదు. అవతల గిన్నెల చప్పుడు కూడా ఆగింది.

"తిప్పప్పా," అన్నాడు. "డ్యాములో నీళ్ళు ఎంతుండాయో చూడు."

పేజీ తిప్పాను.